ఏమీ జరగనివ్వని సిస్టరమ్మగారు

సిస్టరమ్మగారి భూస్థాపన రోజున నేను సమాధుల తోట గోడకి ఇవతల, రోడ్డు మీద, మూతికి మాస్కు కట్టుకుని నిలబడ్డాను. లోపల జనం కిటకిటలాడుతున్నారు. పాటలు పాడేరు, ప్రార్థన చేసేరు, ఆఖర్న ఒక్కొక్కళ్లూ వంగి గుప్పెడు మట్టి తీసి పెట్టె మీద వేసేరు. నేను మాత్రం కరెంటు స్తంభానికి తోడుగా అక్కడే ఉండిపోయేను.

పేటలో పెద్దాయన ఒకాయన నావైపు చూసి, పక్కాయనతో, నాకు వినపడేంత రహస్యంగా అన్నారు.

"చూసేరా అండీ. ఇరవయ్యేళ్లు ఆవిడ చేత సూదులు పొడిపించుకున్నారు. గుప్పెడు మట్టి వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఎంతైనా పెద్దిళ్లవాళ్లు కదండీ, మా మట్టి అంటుకుంటుందేమో."

ఆయన అన్నదాంట్లో ఒక ముక్క నిజమే. నాకు మట్టి అంటకూడదు. వాళ్లదీ వీళ్లదీ అని కాదు, అప్పుడే తవ్విన మట్టి ఎవరిదైనా సరే. కానీ పెట్టె దింపుతున్న చోట నా రక్తకణాల మీద ఉపన్యాసం ఎలా ఇవ్వను? ఇచ్చినా నమ్మరు. మా ఇంటికి ఆ పేటలో తాతల కాలం నుంచి ఉన్న పేరు అలాంటిది, కష్టపడి సంపాదించుకున్నది.

ఆవిడ కూతురు కాకినాడలో టీచరు. కళ్లు తుడుచుకుంటూనే ఇటు తిరిగేరు.

"బాబాయ్, ఆయన్ని లోపలికి రావద్దన్నది నేనే. ఆయన ఈ మట్టి దగ్గరికొస్తే అమ్మ పెట్టెలోంచి లేచి తిడుతుంది. అప్పుడు మనందరం పరిగెత్తాలి."

ఏడుస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వేరు. పెద్దాయన కూడా, ఆపుకోలేక. తల్లి వెటకారం కూతురికి వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది. తల్లి నుంచి పిల్లలకి ఏవేవో వస్తుంటాయి. నాకొచ్చింది వేరే.

నాకొచ్చిందాన్ని డాక్టర్లు సీజీడీ అని మూడక్షరాల్లో తేల్చేస్తారు. ఒంట్లో క్రిమి దూరితే తెల్లకణాలు దాన్ని పట్టుకుంటాయి, మింగుతాయి, కానీ చంపలేవు. అమ్మ వైపు నుంచి మగపిల్లలకి దిగుతుంది. ఎనిమిదేళ్లు నిండేసరికి నా మెడ మీద రెండుసార్లు గడ్డలు కోసేరు, ఒకసారి కాలేయంలోంచి చీము తీసేరు. అప్పటిదాకా మా ఊరు దీనికి దిష్టి అనీ, నాగదోషమనీ, చింతపండు ఎక్కువ తినడమనీ రకరకాల పేర్లు పెట్టింది. హైదరాబాదులో పెద్ద డాక్టరుగారు అరగంటసేపు బొమ్మ గీసి మరీ అసలు సంగతి చెప్పేరు. మా నాన్న అంతా విని, తలూపి, ఏమీ అర్థం చేసుకోకుండా ఇంటికి తీసుకొచ్చేసేరు.

అర్థమయ్యేలా చెప్పింది సిస్టరమ్మగారే. అప్పుడావిడ అమలాపురం దగ్గర ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సు. కాలవ అవతల పేటలో ఇల్లు. వారానికి మూడు ఇంజక్షన్లు చెయ్యాలి, మా అమ్మ సూది చూస్తే పడిపోతుంది, మా నాన్న పడిపోకుండా ముందే తోటలోకి వెళ్లిపోతారు. అందుకని ఆవిడని బతిమాలి పిలిచేరు. మోపెడ్ మీద, ముందు నీలం రంగు ప్లాస్టిక్ బుట్టతో వచ్చేరు. చెప్పులు విడిచి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడిగేరు. ఎంతసేపు కడిగేరంటే, ట్యాంకు ఖాళీ అయిపోతుందని మా నాయనమ్మ గొణిగింది.

"సంగతేంటంటే అండీ, వీడి ఒంట్లో పోలీసులున్నారు. మంచివాళ్లే. దొంగ కనపడితే పట్టుకుంటారు. పట్టుకుని స్టేషన్లో కూచోబెడతారు. అంతే. చేతిలో లాఠీ లేదు. దొంగ అక్కడే కాపరం పెట్టేస్తాడు. అందుకని మనం బయటి నుంచి రోజూ లాఠీ పంపాలి. పొద్దున్నా సాయంత్రం ఒక తెల్లమాత్ర, మధ్యాహ్నం అన్నం తిన్నాక బూజు రోగాలకి, అదే ఫంగస్‌కి, ఒక క్యాప్సూలు, వారానికి మూడు సూదులు. ఎన్నాళ్లు అంటారా? వీడు ఉన్నన్నాళ్లు."

ఇంకా డాక్టరుగారు రాసిచ్చిన జాబితా ఒకటుంది. గడ్డిమేటు దగ్గరికి వెళ్లకూడదు. పశువులపాకలోకి వెళ్లకూడదు. కొబ్బరిపీచు కుప్పలు, కుళ్లిన ఆకులు, పెంటపోగు, తవ్విన మట్టి, కాలవలో ఈత, ఏదీ కూడదు. ఆవిడ అదంతా పైకి చదివి, కాగితం మడిచి, "ఆయ్. అంటే కోనసీమలో ఉండొచ్చు గాని కోనసీమని ముట్టుకోకూడదు. బాగుంది," అన్నారు.

మొదటి రోజే ఇంకో సంగతి జరిగింది. సూది అయ్యాక మా నాయనమ్మ టీ పంపింది. అరుగు చివర గోడమీద బోర్లించి ఉండే ఒక సొట్టగ్లాసులో పంపింది. ఆ గ్లాసు ఎవరెవరికోసమో మా ఊళ్లో అందరికీ తెలుసు, చిన్నవాణ్ణి నాకూ తెలుసు. సిస్టరమ్మగారు గ్లాసుని పైకెత్తి, వెలుగులో తిప్పి తిప్పి చూసేరు. వేలిముద్రలు వెతుకుతున్నట్టు.

"మామ్మగారూ, ఈ గ్లాసు విడిగా ఉంచుతున్నారు కదండీ?"

"ఆఁ," అంది నాయనమ్మ ఎటో చూస్తూ.

"మంచి పని చేసేరు. ఇది మరిగించి మీ మనవడికి ఇవ్వండి. డాక్టరుగారు చెప్పేరు కదండీ, వీడికి ఇంట్లో ఎవరి ఎంగిలీ తగలకూడదు. ఈ ఇంట్లో విడి గ్లాసు ఉండాల్సింది వీడొక్కడికేనండి. నాకు మీ అందరి గ్లాసుల్లో ఏదైనా ఫర్వాలేదు, నేనేమీ పట్టించుకోను."

మనవడి ప్రాణం మీద మాట. ఆ రోజు నుంచి సొట్టగ్లాసు నాది. ఆవిడ మా స్టీలు గ్లాసుల్లో, ఒకోసారి నాయనమ్మ వెండిగ్లాసులో కూడా, అరుగు మీద కాదు, లోపల హాల్లో ఫ్యాను కింద కూర్చుని టీ తాగేవారు. చాలా ఏళ్ల తరవాత హైదరాబాదు డాక్టరుగారిని అడిగేను, విడి గ్లాసు ఇంకా వాడాలా అని. ఆయన తెల్లబోయేరు. "అలాంటి నియమం నేనెప్పుడు పెట్టేనయ్యా?" అన్నారు. ఆ సాయంత్రం ఆవిడకి చెబితే, "పెద్ద డాక్టర్లు కదా, మర్చిపోతుంటారు," అన్నారు.

మా నాయనమ్మకి ఇంకో అలవాటుండేది. నాకు జ్వరం వచ్చినప్పుడల్లా అమ్మ వినేలా, "అంతా వాళ్ల పుట్టింటి రక్తం," అనేది. అమ్మ తమ్ముడొకడు అయిదో ఏట ఏదో జ్వరంతో పోయేడు. అప్పట్లో ఎవరికీ కారణం తెలీదు. తెలిసేక, అమ్మ దాన్ని కొంగున ముడేసుకుని తిరిగేది. ఒకరోజు నేను మాత్ర మింగనని మొండికేసి మంచం కింద దూరేను. నాయనమ్మ మామూలుగా ఆ మాటే అంది. సిస్టరమ్మగారు మోకాళ్ల మీద వంగి నా కాలు పట్టి లాగుతూనే, "రక్తం వాళ్లదేనండి, కాదనను. మరి ఈ మొండితనం ఎవరి వైపుదండీ? డాక్టరుగారు అడిగితే రాయాలి," అన్నారు. వంటింట్లో అమ్మ నవ్వు వినపడింది. ఆ నవ్వు నేను అంతకుముందు ఎప్పుడూ విన్నట్టు గుర్తు లేదు.

మాత్ర వేసి ఆవిడ ఊరుకునేవారు కాదు. "నోరు తెరు. నాలుకెత్తు. ఎడమ బుగ్గ. కుడి బుగ్గ." దొంగబంగారం వెతికే అధికారిలా చూసేవారు. సూది చేసిన సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, కీళ్లు లాగేవి. ఏడిస్తే ఓదార్చేవారు కాదు. "జ్వరమొచ్చిందా? శుభం. మందు డ్యూటీలో చేరిందన్నమాట. గవర్నమెంటు ఉద్యోగం కాదు కదా, చేరిన రోజే పని మొదలెట్టింది," అనేవారు. అని, తడిగుడ్డ తనే పిండి నుదుటి మీద వేసేవారు. ఆ రెండోదాని గురించి ఎప్పుడూ మాట్లాడేవారు కాదు.

మందులు బాగా పనిచేసేయి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఏళ్లు గడిచేయి, గడ్డలు లేవు, ఆసుపత్రి లేదు, ఏమీ లేదు. ఏమీ జరగకపోతే చూసేవాళ్లకి విసుగు. అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న మా పెదనాన్న వచ్చినప్పుడల్లా నన్ను కిందా పైనా చూసి పెదవి విరిచేవారు. ఆయన స్వయంగా ఉదయం రెండు రకాల లేహ్యాలు, రాత్రి ఒక చూర్ణం వేసుకునే మనిషి. ఎదుటివాళ్ల మందులంటే మాత్రం గిట్టదు.

"ఏం సిస్టరమ్మా, కుర్రాడు గుండ్రాయిలా ఉన్నాడు. నాలుగేళ్ల నుంచి తుమ్ము కూడా తుమ్మలేదు. ఇంకా ఎందుకీ మందులు? కిడ్నీలు పాడవ్వడానికి కాకపోతే."

"ఆయ్, నిజమేనండి," అన్నారావిడ సిరంజి కడ్డీ వెనక్కి లాగుతూ. "మీ చెరువు గట్టు కూడా నాలుగేళ్లయి తెగలేదు కదండీ. ఇంకెందుకండీ గట్టు? తవ్వించి చదును చేయించెయ్యండి. బోలెడు స్థలం కలిసొస్తుంది."

పెదనాన్న ఆ పూట టీ తాగకుండా వెళ్లిపోయేరు.

ఇంత చెప్పి, ఇప్పుడు నా ఘనకార్యం చెప్పకపోతే అన్యాయం. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి నేను డిగ్రీలో చేరేను. అదే ఏడు ఆవిడ రిటైరయ్యేరు. కూతురికి పురుడు పొయ్యడానికి కాకినాడ వెళ్తూ, నాకు సూది చేసుకోవడం నేర్పేరు. ముందు బత్తాయికాయకి చేయించేరు, తరవాత నా తొడకి. "బత్తాయి ఏడవలేదు. నువ్వూ ఏడవకు," అన్నారు. మందుల చీటీ చేతికిచ్చి, అమలాపురంలో మందులషాపు ఆయనకి నన్ను అప్పజెప్పి వెళ్లేరు.

ఏడాది తిరక్కుండా నేను పెదనాన్న కంటే తెలివైనవాణ్ణి అయిపోయేను. ఒక వారం కాలేజీ టూరులో మాత్రలు మర్చిపోయేను. ఏమీ కాలేదు. ఇంకో వారం కావాలనే మర్చిపోయేను. ఏమీ కాలేదు. సూది ఎలాగూ జ్వరం తెస్తుంది కదా, జ్వరం తెచ్చేది మందెలా అవుతుందని తర్కం కూడా కుదిరింది. మొత్తం మానేసేను. "వేసుకున్నావా?" అని అమ్మ అడిగితే, "వేసుకున్నాను," అనేవాణ్ణి. ఏడు నెలలు ఏమీ జరగలేదు. పదకొండేళ్లు ఆవిడ నా చేత అనవసరంగా మింగించేరని నిర్ధారణకి కూడా వచ్చేసేను.

ఆ వర్షాకాలం గోదారికి వరదొచ్చింది. మా ఊరికి రాలేదు గాని, నా స్నేహితుడి ఊరు గోదారి మధ్య లంకలో ఉంది. నీళ్లు తీసేక అందరం సేవ చెయ్యడానికి వెళ్లేం. వాళ్ల గడ్డిమేటు నిలువునా నానిపోయి, మగ్గి, నల్లగా బూజు పట్టి ఉంది. విడదీసి ఎండబెట్టాలి. పంగలకర్రతో ఎత్తినప్పుడల్లా బూడిద రంగు దుమ్ము పొగలా లేచేది. ఆ పొగలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఫొటో దిగి, ఫోన్లో అందరికీ పంపేను. సేవ చేస్తే సరిపోదు కదా, చేసినట్టు పదిమందికీ తెలియాలి.

తెలిసింది. ఆ సాయంత్రమే కాకినాడ నుంచి ఫోను.

"దొరగారూ, గడ్డి మోస్తున్నారంట."

"మాస్కు కట్టుకున్నానండి."

"ఫొటోలో పళ్లు ముప్పైరెండూ కనపడుతున్నాయి. రేపు పొద్దున్నే బస్సెక్కి ఇక్కడికి రా. డాక్టరుకి చూపిద్దాం."

"మందులు వేసుకుంటున్నాను కదండీ, ఏం కాదు," అని పెట్టేసేను.

అయిదో రోజుకి దగ్గు, ఏడో రోజుకి జ్వరం. తొమ్మిదో రోజు మెట్టు ఎక్కితే ఊపిరి అందలేదు. కాకినాడలో ఒక ఆసుపత్రిలో చేర్చేరు. రెండు ఊపిరితిత్తుల్లోనూ ఫంగస్. ముక్కుకి ఆక్సిజన్ పెట్టేక కూడా నేను డాక్టరుకి అదే చెప్పేను, మందులు ఒక్క పూట తప్పలేదని. అమ్మ పక్కనే నిలబడి ఉంది మరి. డాక్టరుగారు తల పట్టుకున్నారు. వాడుతుండగా వచ్చిందంటే ఇది ఆ మందుకి లొంగని రకమై ఉంటుందని, మందు మార్చాలని అనుకుంటున్నారు.

సిస్టరమ్మగారు మధ్యాహ్నం వచ్చేరు. అమ్మని టీ తాగి రమ్మని పంపేసేరు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను తిట్ల కోసం సిద్ధంగా ఉన్నాను. ఆవిడ వెటకారం ఏ మలుపులోంచి వస్తుందో కూడా ఊహించేసుకున్నాను. రాలేదు.

"మందులషాపు ఆయనకి ఫోన్ చేసేను," అన్నారు. "క్యాప్సూళ్లు నువ్వు తీసుకుని ఏడు నెలలైందంట. వేరే ఊరు వెళ్లిపోయేవనుకున్నాడంట."

నేను కళ్లు మూసుకున్నాను.

"నాన్నా, నీకు భయమేసిందా?"

పదకొండేళ్లలో ఆవిడ నన్ను నాన్నా అనడం అదే మొదలు. నా రోగం ఎంతదాకా వచ్చిందో నాకు ఎక్స్‌రే చూసినప్పుడు కాదు, ఆ మాట విన్నప్పుడు అర్థమైంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగి, కిందికి జారకుండా అక్కడే నిలబడి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే దగ్గొచ్చింది, దగ్గొస్తే ఊపిరి ఆగింది. ఆవిడ లేచి నా వీపు పట్టుకుని కూచోబెట్టేరు.

తరవాత వరండాలోకి వెళ్లి డాక్టరుగారితో అన్నది నాకు తలుపు సందులోంచి వినపడింది. "సార్, అబ్బాయి మందు మానేసి ఏడు నెలలైందండి. పాత మందు పనిచెయ్యలేదని మీరు రాసేస్తారేమోనని చెబుతున్నాను. ఆ మందు పాపం ఏం చేస్తుందండీ, అట్టలోంచి తనంతట తను నడిచి నోట్లోకి రాలేదు కదా."

అమ్మ తిరిగొచ్చేసరికి మాత్రం కథ మారిపోయింది. "ఏం లేదమ్మా, వరద దుమ్ము. ఇంత దుమ్ము పీలిస్తే ఏ మందైనా ఆపలేదు. నీ కొడుకు బుద్ధిగా వేసుకుంటూనే ఉన్నాడు," అన్నారు. అప్పటికే తన రక్తం తప్పని పదకొండేళ్లు కుమిలిన మనిషి మీద, కొడుకు అబద్ధం కూడా వెయ్యడం దేనికనుకున్నారేమో. అమ్మకి ఇది చదివితేనే తెలుస్తుంది.

మూడు వారాలకి బయటపడ్డాను. కుడి ఊపిరితిత్తి అడుగున ఒక మచ్చ మిగిలింది. ఇంటికొచ్చిన మర్నాడు ఉదయం ఏడింటికి ఆవిడ నుంచి మిస్డ్ కాల్. తిరిగి చేస్తే ఎత్తి, "మాట్లాడ్డానికి కాదు. వేసుకుంటే నువ్వొక మిస్డ్ కాల్ ఇయ్యి. వేసుకోకపోతే ఇవ్వకు, నేనే మోపెడ్ వేసుకుని వస్తాను. నీ నాలుక చూసే ఓపిక ఇంకా ఉంది," అన్నారు. అలా తొమ్మిదేళ్లు. నేను డిగ్రీ అయి, అమలాపురంలో ఉద్యోగంలో చేరి, దుమ్ములేని ఏసీ గదిలో కూర్చున్నా, ఏడింటికి ఆవిడ మిస్డ్ కాల్, ఏడూ రెండుకి నాది. పండగలకి కూడా సెలవు లేదు. కాకినాడ నుంచి తిరిగొచ్చి మళ్లీ పేటలోనే ఉండేవారు. ఎప్పుడైనా ఎదురుపడితే, "ఏం జరిగింది?" అని అడిగేవారు. "ఏం జరగలేదండి," అనేవాణ్ణి. "అమ్మయ్య. మన ఫలితం అదే," అని వెళ్లిపోయేవారు.

పోయిన నెల ఒక గురువారం ఏడింటికి ఫోను మోగలేదు. ఏడుంపావుకి నేనే చేసేను. పక్కింటావిడ ఎత్తేరు. పెరట్లో బట్టలారేస్తూ పడిపోయేరట. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు.

భూస్థాపన తరవాత ఆదివారం వాళ్లింటికి వెళ్లేను. కూతురు ఆవిడ సామాన్లు సర్దుతున్నారు. మోపెడ్ తాళాలు, గొడుగు, పురుళ్లకి వాడిన కత్తెర, నా పాత స్కూలు ఫొటో ఒకటి, బైబిలు. అలమరలో చీరల కింద నుంచి రబ్బరు బ్యాండ్లు వేసిన మాత్రల అట్టలు తీసి మంచం మీద పెట్టేరు. బీపీ మాత్రలు. ఒక్క గుంట కూడా ఖాళీ అవలేదు.

"నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్లేది, చీటీ రాయించుకునేది, తెచ్చుకునేది," అన్నారు కూతురు. "వేసుకున్నావా అమ్మా అంటే, ఆయ్ వేసేసుకున్నా అనేది. నర్సు కదండీ. ఇంకేం అడుగుతాం?"

నేను అది కూడా అడగలేదు. తొమ్మిదేళ్లు రోజూ పొద్దున్నే నా మాత్ర గురించి ఆవిడ అడిగితే, నా మాత్ర గురించి జవాబు చెప్పేను. అంతకు మించి ఆ ఫోనుకి ఇంకేదైనా ఉపయోగముంటుందని నాకు తట్టలేదు. అడిగితే ఏదో వెటకారమాడి తప్పించుకునేవారు, అది నాకు తెలుసు. మూడు రోజులు తప్పించుకుంటే నాలుగో రోజుకైనా వెళ్లి, నాలుకెత్తండి అని ఆవిడ ఎదురుగా నిలబడేవాణ్ణా? అది మాత్రం తెలీదు.

"ఇవేం చెయ్యమంటారండీ?" అన్నారు కూతురు.

అట్టలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూసేను. అన్నిటికీ ఇంకా గడువుంది.